బుచ్చమ్మ నమ్మిందా?

ఎం.ఏ. విద్యార్థులకు 'కన్యాశుల్కం' చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు. బుచ్చమ్మ గిరీశం వెంట ఎందుకు వెళ్ళింది? జవాబు ఎప్పుడూ మగపిల్లల బెంచీల వైపు నుంచే ముందొస్తుంది. "నమ్మింది మేడమ్. అమాయకురాలు కదా." తరగతి నవ్వుతుంది, పాఠం ముందుకు సాగుతుంది. ఈ ఏడు ఎందుకో ప్రశ్నని కాస్త మార్చాను. మీరే బుచ్చమ్మ స్థానంలో ఉంటే వెళ్తారా? వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాను. మగపిల్లల్లో సగానికి పైగా ఎత్తారు. "ఏం పోతుంది మేడమ్, ఆ కొంపలో పడి ఉండేదానికంటే నయమే కదా" అన్నాడొకడు. ఆడపిల్లల్లో ఒక్క చెయ్యీ లేవలేదు.

గంట కొట్టాక వరండాలో ఒకమ్మాయి నా పక్కన నడుస్తూ, "నేనైతే వెళ్ళేదాన్నే మేడమ్. వాళ్ళ ముందు చెయ్యెత్తలేదంతే" అంది.

ఆ రోజు నా తరగతిలో వెనక బెంచీ మీద ఏ ఆర్థికశాస్త్ర పరిశోధకుడో కూర్చుని ఉంటే లెక్క చక్కగా రాసుకునేవాడు. యువకులు సాహసులు, యువతులు జాగ్రత్తపరులు అని. వరండాలో అన్న మాట అతని లెక్కలోకి వచ్చేది కాదు. ఇలాంటి లెక్కలు ఈ పాతికేళ్ళలో చాలా వచ్చాయి. నా రంగం సాహిత్యం. అయినా వాటిని కొంత పట్టుదలగానే చదివాను. ఎందుకంటే మన కథానాయికల గురించి మన విమర్శకులు చెప్పిందీ, కాలేజీ పిల్లల గురించి ఆ శాస్త్రజ్ఞులు చెప్పిందీ నాకు ఒకేలా వినిపించాయి.

'నమ్మకం ఆట' అని ఒకటుంది. 1995లో జాయిస్ బెర్గ్, జాన్ డిక్‌హాట్, కెవిన్ మెకేబ్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం అది. ముక్కూ మొహమూ తెలియని ఇద్దరికి చెరో పది డాలర్లు ఇస్తారు. మొదటి మనిషి తన పదిలో ఎంతైనా రెండో మనిషికి పంపవచ్చు, పంపకపోనూ వచ్చు. పంపినది మూడింతలై రెండో మనిషికి చేరుతుంది. ఆ మనిషి అందులో కొంత తిరిగి పంపితే పంపినట్టు, లేకపోతే లేదు. మొదటి మనిషి పంపిన సొమ్ము నమ్మకానికి కొలత. రెండో మనిషి తిరిగి పంపినది నమ్మదగినతనానికి కొలత. తర్వాత ఈ ఆటని ఎన్నో దేశాల్లో, ఎక్కువగా విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఆడించారు. స్థూలంగా తేలిందేమిటంటే మగవాళ్ళు ఆడవాళ్ళకంటే కొంచెం ఎక్కువ పంపుతారు, తిరిగి ఇవ్వడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. జూదం లాంటి ఎంపికల్లోనూ సగటున మగవాళ్ళే ఎక్కువ తెగిస్తారు. 1999లో బర్న్స్, మిల్లర్, షేఫర్ అనే వాళ్ళు నూటయాభై అధ్యయనాలు కలిపి చూసి ఈ మాటే అన్నారు. అయితే తేడా అన్ని విషయాల్లోనూ, అన్ని వయసుల్లోనూ ఒకేలా లేదని కూడా అన్నారు. మొదటి మాట పత్రికలకెక్కింది, రెండోది ఎక్కలేదు.

స్త్రీవాద ఆర్థికశాస్త్రజ్ఞురాలు జూలీ నెల్సన్ 2017లో వచ్చిన పుస్తకంలో ఈ సగటులన్నిటినీ విప్పి చూపించింది. రెండు గుంపుల సగటుల మధ్య వేలెడు తేడా ఉంటే ఉండవచ్చు, కానీ ఆ రెండు గుంపులూ చాలా భాగం ఒకదాని మీద ఒకటి పరుచుకునే ఉంటాయి. మగవాళ్ళలో ఎందరో చాలామంది ఆడవాళ్ళకంటే భయస్తులు. అయినా 'స్త్రీ స్వభావం' అనే ముద్ర మాత్రం అందరి మీదా పడుతుంది. నాకు ఇంకా నచ్చినది 2012లో అలిసన్ బూత్, పాట్రిక్ నోలెన్ ప్రచురించిన అధ్యయనం. ఇంగ్లండ్ బడిపిల్లలకి ఖాయంగా వచ్చే డబ్బు కావాలా, బొమ్మాబొరుసూ వేసి ఎక్కువో తక్కువో తీసుకుంటారా అని ఎంపిక ఇచ్చారు. ఆడపిల్లల బడుల్లో చదివే అమ్మాయిలు అబ్బాయిలతో సమానంగా పందేనికి దిగారు. కలిసి చదివే బడుల నుంచి వచ్చిన అమ్మాయిలు కూడా అందరూ ఆడపిల్లలే ఉన్న గుంపులో కూర్చోబెడితే ఎక్కువ తెగించారు. అంటే అబ్బాయిలు చూస్తుండగా ఒక జవాబు, చూడనప్పుడు ఇంకో జవాబు. మా వరండా అమ్మాయి ఆ అధ్యయనం చదివి ఉండదు.

ఈ ప్రయోగాలన్నిట్లో పందెంలో పెట్టేది ఎవరికైనా ఒకటే. పది డాలర్లు. పోతే ఆ పదీ పోతాయి. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు. ఆట గది బయట పందెం అలా ఉండదు. అబ్బాయికి పోయేది అతను పందెంలో పెట్టిన ముక్క మాత్రమే. అమ్మాయి ఏ చిన్న ముక్క పెట్టినా పోయేటప్పుడు మొత్తం పోతుంది. 'ఏం పోతుంది' అని అడగగలగడమే ఒక హోదా.

మన భాష ఈ సంగతిని ఎప్పుడో ఒప్పుకుంది. తెగించినవాడికి తెడ్డే లింగం అంటాం. ఆ సామెతలో తెగించినది 'వాడే', 'ఆమె' కాదు. ఆమె తెగిస్తే దానికి వేరే మాటుంది, బరితెగించడం. మగవాడిదైతే తెగువ, ఆడదానిదైతే బరితెగింపు. అలాగే, 'చెడిపోయాడు' అంటే తాగుడో పేకాటో మరిగాడని. రేపు వాడు 'బాగుపడ్డాడు' అని చెప్పుకోవచ్చు, పెళ్ళి చేస్తే బాగుపడతాడని ఒక ఆడపిల్ల జీవితాన్ని పందెం వెయ్యనూవచ్చు. 'చెడిపోయింది' అన్నమాటకి మాత్రం తెలుగులో ఎదురుమాట లేదు. చెడిపోయిన స్త్రీ బాగుపడినట్టు చెప్పడానికి క్రియాపదమే లేదు. ఇక నమ్మకం సంగతి. ప్రేమించినవాడు వదిలేసిపోతే ఆ అమ్మాయి 'మోసపోయింది' అంటాం. మోసం చేసిన కర్త ఆ వాక్యంలోనే కనబడడు.

నా సొంత సంగతి ఒకటి చెప్తాను. పీహెచ్‌డీ చేసే రోజుల్లో వేరే ఊళ్ళో ఒక సదస్సు జరిగింది. బస ఏర్పాటు లేదు. నాతోటి మగపరిశోధకులు ముగ్గురు జనరల్ బోగీలో కూర్చుని వెళ్ళి, రాత్రి రైల్వే ప్లాట్‌ఫాం మీద పడుకుని, పొద్దున్నే పంపు దగ్గర మొహం కడుక్కుని పత్రాలు చదివి వచ్చారు. ఆ రాత్రి గురించి వాళ్ళు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. నా పత్రం కూడా ఆమోదం పొందింది, నేను వెళ్ళలేదు. తర్వాత ఒక పెద్దాయన నాతో ఎంతో వాత్సల్యంగా, "పరిశోధనకి కాస్త తెగువ ఉండాలమ్మా" అన్నారు. ఆ రాత్రి వాళ్ళు పందెంలో పెట్టింది ఒక నిద్ర. నన్ను పెట్టమన్నది ఏమిటో ఆయనకి తోచలేదు. నేను చెప్పనూ లేదు.

దీన్ని లెక్కగట్టిన వాళ్ళూ ఉన్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనం చూడండి. మంచి మార్కులొచ్చిన అమ్మాయిలు కూడా, దారిలో వేధింపులు తక్కువగా ఉంటాయనుకుంటే, తమకి సీటు రాగల మెరుగైన కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారు. క్షేమమైన బస్సు దారి కోసం అబ్బాయిలకంటే ఎక్కువ డబ్బూ ఖర్చు పెడుతున్నారు. బయటినుంచి చూస్తే ఇది 'ఆడపిల్లలకి ఆశయం తక్కువ' అన్నట్టు కనిపిస్తుంది. నిజానికి వాళ్ళు పొద్దున్న బస్సెక్కే ముందే ఒక పందేన్ని లెక్కేసి కూర్చున్నారు. 2011లో వచ్చిన 'వై లోయిటర్?' పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే దీన్నే తిరగేసి అడిగారు. ఆడవాళ్ళకి కావలసింది రక్షణ ఒక్కటే కాదు, రిస్క్ తీసుకునే హక్కు కూడా అన్నారు. వీధిలో ఊరికే తిరిగినందుకు దెబ్బ తగిలితే, నువ్వెందుకు తిరిగావని అడగకుండా ఉండే హక్కు. దీంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కాకపోతే ఆ హక్కుని బొంబాయి వీధిలో అడగడం ఒకటి, అగ్రహారంలో అడగడం ఒకటి.

ఇప్పుడు బుచ్చమ్మ దగ్గరికి వద్దాం. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మనం చదివేది 1909లో ఆయన తిరగరాసిన రూపం. అందులో బుచ్చమ్మ గురించి మన విమర్శ వాడినన్ని దయగల విశేషణాలు ఇంకే పాత్రకీ వాడలేదు. అమాయకురాలు, ముగ్ధ, లోకం తెలియనిది. మధురవాణి మీద వ్యాసాలు కట్టలకొద్దీ వచ్చాయి. ఆమె తెలివి, మాటకారితనం, గుండెదిటవు మన విమర్శకులకి తనివి తీరని ముచ్చట. నాకూ మధురవాణి ఇష్టమే. కానీ ఆ నాటకంలో అందరికంటే పెద్ద పందెం కాసింది ఎవరని అడిగితే నేను బుచ్చమ్మ పేరే చెప్తాను.

ఆమె లెక్కని ఒకసారి ఆమె వైపు నుంచి వేసి చూడండి. తనని చిన్నప్పుడే ఒక ముసలివాడికి కట్టబెట్టారు, అతను పోయాడు. ఇప్పుడు చెల్లెలు సుబ్బిని లుబ్ధావధాన్లుకి అమ్ముతున్నారు. తల్లి వెంకమ్మ నూతిలో పడతానన్నా తండ్రి వినలేదు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళ మాటే చెల్లనప్పుడు విధవ కూతురి మాటకి విలువేముంటుంది? అలాంటప్పుడు గిరీశం వచ్చాడు. వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో వితంతు వివాహాల గురించి ఉపన్యాసాలు దంచాడు. అవన్నీ ఆమె విన్నది. విని ఉబ్బిపోయి వెళ్ళిందా? ఆమె ఒప్పుకోలులో ప్రధానమైన కారణం చెల్లెలి పెళ్ళి తప్పించడం. తను లేచిపోతే ఆ పెళ్ళి చెడుతుంది. గిరీశం మాటల్లో ఆమెకి అక్కరకొచ్చింది ఇదొక్కటే, దాన్ని పట్టుకుంది. మన విమర్శ దీన్ని త్యాగం అంది, లేకపోతే మోసపోవడం అంది. నేను దీన్ని నిర్ణయం అంటాను. తన దగ్గర పందెం కాయడానికి ఉన్నది ఒక్కటే, పరువు. అది పోతే తిరిగి రాదని ఆమెకి తెలుసు. తిరిగి రాదు కాబట్టే దానికి తండ్రి పెళ్ళి ముహూర్తాన్ని కూలగొట్టగల బలం ఉంది. పోగొట్టుకోవడంలోనే ఆ ఆస్తి విలువ ఉన్నదని కనిపెట్టిన మనిషిని అమాయకురాలు అనడం ఎలా?

గిరీశాన్ని ఆమె నమ్మిందా అన్నది దీని తర్వాత వచ్చే ప్రశ్న. నమ్మే ఉంటుంది, కొంత. ఇష్టపడీ ఉంటుంది, వయసులో ఉన్న పిల్ల. అందులో తప్పేముంది? ఐరిస్ బోనెట్, రిచర్డ్ జెక్‌హౌజర్ 2004లో ఒక సంగతి గమనించారు. కాలం కలిసిరాక నష్టపోవడానికి సిద్ధపడే మనుషులు కూడా, అదే నష్టం ఇంకో మనిషి ద్రోహం వల్ల రావచ్చంటే వెనకాడతారు. డబ్బు పోయిన బాధ కన్నా నమ్మినందుకు పోయిన బాధ ఎక్కువ. బుచ్చమ్మ ఈ రెండోదానికి కూడా సిద్ధపడింది.

అదే నాటకంలో ఇంకొకరు కూడా పందెం కాశారు. దాన్ని మనం పందెంగా ఎప్పుడూ చదవలేదు, నవ్వుకుంటూ చదివాం. కరటకశాస్త్రి శిష్యుడు మహేశం ఆడవేషం కట్టి, పెళ్ళికూతురై లుబ్ధావధాన్ల ఇంట్లో అడుగు పెట్టాడు. సుబ్బికి రాసిపెట్టిన చోటే, ఆ ముసలివాడి పక్కనే. సమయం చూసుకుని చీర విడిచేశాడు, మళ్ళీ మగపిల్లవాడై బయటపడ్డాడు. అంతే! సుబ్బికి జీవితకాలం పట్టే నరకం వాడికి కొన్నాళ్ళ నాటకం. పైగా వాడు మాయమయ్యేసరికి పెళ్ళికూతుర్ని చంపాడని నింద ముసలివాడి మీద పడింది. ఆ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల బతికి నడిచి బయటికి పోగలదని ఎవరికీ తోచలేదు. చంపి ఉంటాడనే అనుకున్నారు. ఈ జంట, చీర విప్పి పారిపోయిన మహేశం, పరువు పణంగా పెట్టి వెళ్ళిన బుచ్చమ్మ, గురజాడ కావాలని పక్కపక్కన పెట్టాడో లేదో గానీ నాకు మాత్రం నాటకం మొత్తం వీళ్ళిద్దరి మధ్యే ఉన్నట్టనిపిస్తుంది.

ఇంకా ఘోరమైన సంగతి, ఆ పెళ్ళి చెడగొట్టడానికి మగవాళ్ళు పథకం వేశారని బుచ్చమ్మకి చేరినట్టు నాటకంలో ఎక్కడా కనబడదు. తెలిస్తే ఆ కారణంతో వెళ్ళే పనే లేదు. అలాగే గిరీశం ఎలాంటివాడో తెలిసినవాళ్ళు నాటకం నిండా ఉన్నారు. పూటకూళ్ళమ్మకి తెలుసు, చీపురు పట్టుకుని తరిమింది. మధురవాణికి తెలుసు, అతన్ని చేరదీసి చూసింది. ఈ ముగ్గురు స్త్రీలూ ఒక్కసారి ఒకచోట కూర్చుంటే కథ వేరు. కానీ వేశ్యతో కులస్త్రీ మాట్లాడకూడదు, పూటకూటి ఇల్లు నడిపే విధవ అగ్రహారం గడప తొక్కకూడదు. మధురవాణి దగ్గర ఉన్న సమాచారం బుచ్చమ్మకి చేరలేదు, సౌజన్యారావు పంతులుకి చేరింది. ఒక స్త్రీ సంపాదించిన అనుభవం ఇంకో స్త్రీకి చేరాలంటే మధ్యలో ఒక పెద్దమనిషి ఇంటి మీదుగా పోవలసి వచ్చింది. నమ్మకం అనేది మనసు గుణం కాదు, ఎవరికి ఎంత తెలియనిచ్చారన్న దానిమీద ఆధారపడుతుంది. మధురవాణి ఎవర్నీ తేలిగ్గా నమ్మదు. అది ఆమె స్వభావమా? పొద్దస్తమానం మగవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ మాటలు వినే వీలున్న ఆడది ఆ నాటకంలో ఆమె ఒక్కతే. తన కంటె పోతే రామప్పంతుల్ని నిలబెట్టి అడగగలదు కూడా. మీనాక్షి అలా అడగలేకపోయింది, రామప్పంతులు పెళ్ళాడతానన్న మాట నమ్మి ఇల్లు కూడా పోగొట్టుకుంది.

ఇక్కడ పక్కదారి పడుతున్నానని తెలుసు, అయినా చెప్పాలి. 2017 అక్టోబరులో విద్యార్థినులు చెప్పిన ఆధారంగా వేధింపులకు పాల్పడిన అధ్యాపకుల పేర్ల జాబితా ఒకటి బయటికొచ్చినప్పుడు, మనలో చాలామందిమి, పేరున్న స్త్రీవాదులతో సహా, విచారణ లేకుండా పేర్లు ఎలా పెడతారని కలవరపడ్డాం. నేనూ పడ్డాను. ఆ కలవరం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ జాబితాకి ముందు ఆ పేర్లు ఎలా తిరిగేవో మనకి తెలియదా? హాస్టల్ గదిలో సీనియర్ చెవిలో చెప్పేది, "ఆయన దగ్గరికి ఒక్కదానివే వెళ్ళకే" అని. ఆ సీనియర్ లేని అమ్మాయి, మొదటి తరం చదువుకుని పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, దళిత అమ్మాయి, ఎవరిని అడగాలో తెలియని అమ్మాయి, ఆమె వరకు ఆ మాట వచ్చేది కాదు. ఆమె గైడుని నమ్మేది. తర్వాత మనం ఆమెని అమాయకురాలు అనేవాళ్ళం.

ఆడవాళ్ళు నమ్మదగినవాళ్ళని పొగిడేవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు ఆడవాళ్ళనే వెతికి వెతికి అప్పులిచ్చాయి, ఆడవాళ్ళు ఎగ్గొట్టరని. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్ళిన ఆ వ్యవహారంలో ఆ 'నమ్మకం' అసలు రంగు బయటపడింది. మగవాడు అప్పు ఎగ్గొట్టి ఊరు దాటగలడు. పిల్లల్నీ పొయ్యినీ వదిలి ఆమె ఎక్కడికి పోతుంది? పారిపోలేనితనానికి పెట్టిన ముద్దుపేరు నిజాయితీ.

అయితే మగపిల్లలందరికీ తిరుగుదారి ఉంటుందని నేను అంటే అది కూడా అబద్ధమే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, పై కులపు అమ్మాయిని ప్రేమించి పెళ్ళి చేసుకున్న దళిత యువకుణ్ణి ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. కిరాయికి చంపించింది ఆమె తండ్రే. 'ఏం పోతుంది' అనే హోదా ఆ అబ్బాయికి లేదు. నా తరగతిలో ఆ రోజు చెయ్యెత్తని మగపిల్లలు ఎవరో నేను గమనించలేదు. గమనించి ఉండాల్సింది.

చలం 'మైదానం' 1927 నాటిది. అందులో రాజేశ్వరి ప్లీడరు భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. బుచ్చమ్మకి దొరకనిది ఆమెకి దొరికింది, తన కథ తనే చెప్పుకునే అవకాశం. సాహసాన్ని ఆనందంగా చెప్పిన మొదటి తెలుగు కథానాయిక బహుశా ఆమే. ఆ ఆనందాన్ని నేను తక్కువ చెయ్యను. పందొమ్మిదేళ్ళప్పుడు ఆ నవలని అట్ట మార్చి చదివినదాన్ని. కానీ ఇప్పుడు చదివితే మైదానంలో ఇద్దరి పందెమూ సమానం కాదని గర్భం మాట వచ్చినచోట కనబడిపోతుంది. అమీర్‌కి బిడ్డ అక్కర్లేదు. ఆమె శరీరానికి ఆ సౌకర్యం లేదు. చలం ఆ చోటు దాకా నిజాయితీగా వెళ్ళాడు, తర్వాత కథని ప్రేమలోకీ మృత్యువులోకీ మళ్ళించేశాడు. రాజేశ్వరి రేపు పొద్దున్న ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది అన్న విసుగు పుట్టించే ప్రశ్న అడగడానికి మనకి 1987లో ఓల్గా 'స్వేచ్ఛ' దాకా పట్టింది. అరుణ పుట్టింటి ఆంక్షల నుంచి బయటపడతానని ప్రేమించినవాణ్ణి నమ్మి పెళ్ళాడింది, ఆ నమ్మకం తప్పని తేలాక ఆ ఇల్లూ దాటింది. ఆమెకి చదువుంది. బుచ్చమ్మలాగా పరువొక్కటే పణం పెట్టాల్సిన పని లేదు. ఆ నవలలో కళాపరమైన బలహీనతలు ఉన్నాయని చాలామంది అన్నారు, ఉపన్యాసం ఎక్కువని నాకూ అనిపిస్తుంది. కానీ ఒక అమ్మాయి పందెం ఓడిపోయి కూడా చావకుండా, పిచ్చెక్కకుండా, ఇంకోరోజు బతకడం అనే మామూలు సంగతి రాయడానికి ఎంత కాలం పట్టిందో లెక్కేసుకుంటే ఆ బలహీనతలు నాకు పెద్దగా పట్టవు.

గురజాడ కూడా బుచ్చమ్మని చావనివ్వలేదు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. గిరీశం బండారం తెలిశాక సౌజన్యారావు ఆమెని పూనాలోని విధవాశ్రమానికి పంపుతానంటాడు. ధోండో కేశవ్ కర్వే పూనాలో విధవాశ్రమం పెట్టింది 1896లో. అంటే గురజాడ ఆమెకి చూపించిన దారి ఊహాలోకంలోది కాదు, రైలెక్కి వెళ్ళగలిగిన చోటు. చదువుకోవచ్చు, పని నేర్చుకోవచ్చు. ఓడినా తిరిగి నిలబడగలిగే చోటు మన సాహిత్యంలో ఒక యువతికి దొరకడం అరుదు, దానికి గురజాడకి దండం పెట్టాలి. కానీ ఆ నిర్ణయంలో ఆమె గొంతు మనకి వినబడదు. ఇంట్లోంచి అడుగు బయటపెట్టేంత తెగువ చూపించిన పిల్లని తర్వాత ఎక్కడికి పంపాలో పెద్దమనుషులు మాట్లాడుకున్నారు. గిరీశానికి పోయింది ఒక పథకం. ఇంకో ఊళ్ళో ఇంకో పథకం వేసుకోగలడని మనందరికీ తెలుసు, అందుకే అతన్ని చూసి నవ్వగలుగుతాం.

తర్వాతి వారం పాఠం ముగిసినరోజు ఇదంతా తరగతిలో చెప్పాను. మహేశం, బుచ్చమ్మల పోలిక మగపిల్లలకి బాగా నచ్చింది, పరీక్షలో రాయొచ్చా అని అడిగారు. వరండా అమ్మాయి ఈసారి బెంచీలోంచే చెయ్యెత్తింది. మా యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది ఆ అమ్మాయి.

"పూనా హోంలో గేటు ఎన్ని గంటలకి వేసేవారు మేడమ్?" అని అడిగింది.